కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం: దేశానికి లాభం సరే, పక్క ఊళ్ల సంగతేంటి? తెలిసినవాళ్లు చెప్పండి

లావేరు_మాస్టారు:

అందరికీ నమస్తే. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. రణస్థలం వైపు మా నాన్నకి జీడితోట ఉంది, దాని వెనకాల కొంచెం సరుగుడు. అక్కణ్నుంచి కొవ్వాడ బండి మీద పది నిమిషాలు.

సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 2009లో కేంద్రం అణు కేంద్రాల కోసం సూత్రప్రాయంగా ఒప్పుకున్న చోట్లలో కొవ్వాడ ఒకటి. మొదట జీఈ-హిటాచీ రియాక్టర్లన్నారు. తర్వాత గుజరాత్‌లోని మిథివిర్దిలో పెట్టాల్సిన వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లని ఇటు మళ్లించారు. ఇప్పుడు కాగితాల మీదున్నవి వెస్టింగ్‌హౌస్ వాళ్ల ఏపీ1000 అనే డిజైన్, ఒక్కోటి 1,208 మెగావాట్లు, మొత్తం ఆరు. అంటే 7,248 మెగావాట్లు. 2025 నాటికి దేశంలో కట్టిన అణు కేంద్రాలన్నీ కలిపినా 9,000 మెగావాట్లు లేవు. దాదాపు అంత ఒక్క మా మండలంలోనే పెడతామంటున్నారు.

నేను అణు విద్యుత్తుకి వ్యతిరేకిని కాను, ముందే చెప్తున్నా. లెక్క వేసి చూశాను. ఆ ఆరూ ఏడాదిలో తొంభై శాతం కాలం నడిస్తే 5,700 కోట్ల యూనిట్లు వస్తాయి. అదే కరెంటు బొగ్గుతో తీయాలంటే యూనిట్‌కి ముప్పావు కేజీ చొప్పున చూసుకున్నా ఏడాదికి నాలుగు కోట్ల టన్నుల బొగ్గు తగలెయ్యాలి. పరవాడ థర్మల్ కేంద్రం పక్క ఊళ్లలో బూడిద ఎలా పడుతుందో విశాఖవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. సౌర విద్యుత్తు చవకే, కానీ రాత్రి ఎనిమిదింటికి ఏసీలన్నీ వేసేసరికి సూర్యుడుండడు. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు అని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. ఇవాళ దేశం వాడే కరెంటులో అణు వాటా మూడు శాతం. పెరగాలి, కాదనను.

కానీ మా తోట దగ్గర నిలబడితే ఇంకో లెక్క కనబడుతుంది. కిందటేడు నాన్న ఆపరేషన్‌కి డబ్బు కావాల్సొచ్చి తోటలో అరెకరం అమ్ముదామనుకున్నాం. విజయనగరం నుంచి ఒకాయన వచ్చాడు. నుయ్యి చూశాడు, చెట్లు లెక్కపెట్టాడు, మట్టి చేత్తో నలిపి చూశాడు, బాగుందన్నాడు. వెళ్లబోతూ గట్టు మీద ఆగి "కొవ్వాడ ఇక్కడికెంత దూరం?" అనడిగాడు. మళ్లీ ఫోన్ చెయ్యలేదు. పోనీ ప్రభుత్వం తీసుకునే భూమిలో మాది ఉందా అంటే లేదు. పరిహారం రాదు, కొనేవాడూ రాడు. పది పదిహేనేళ్లుగా ఇదే పరిస్థితి.

ఇంట్లోనూ ఏకాభిప్రాయం లేదు. మా బావ పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో పనిచేస్తాడు. పిల్లలకి ఉద్యోగాలొస్తాయి, రానివ్వండి అంటాడు. నాన్నేమో "కడితే కట్టమను, మానితే మానమను, ఏదో ఒకటి తేల్చమను" అంటాడు.

నేనడిగేది ఇది. పేలిపోతుంది, పిల్లలు పుట్టరు లాంటి మాటలు వద్దు. అంతా భద్రమే, మీకు తెలీదు అనే మాటలూ వద్దు. నన్ను భయపెట్టేది హుద్‌హుద్ లాంటి రాత్రి. 2014లో విశాఖ నుంచి మా దాకా స్తంభాలు పడిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు, రోడ్ల మీద చెట్లు. నాలుగేళ్లకే తిత్లీ వచ్చి ఉద్దానం కొబ్బరినంతా పడగొట్టింది. అలాంటి రాత్రి రియాక్టర్‌కి ఏదన్నా అయితే 16 కిలోమీటర్ల లోపు జనాన్ని ఏ రోడ్డు మీద తీసుకెళ్తారు? ఈ ప్రశ్నకి జవాబు తెలిసినవాళ్లు రాయండి, ప్రజాభిప్రాయ సభ పెట్టినప్పుడు అడగడానికి పనికొస్తుంది.

---

భారజలం:

మాస్టారూ, నమస్తే. నేను మణుగూరు భారజల కర్మాగారంలో మొదలుపెట్టి తర్వాత రియాక్టర్ ఆపరేషన్స్‌లో చేసి రిటైరైనవాణ్ని. నాకు తెలిసింది రాస్తాను.

రియాక్టర్ బాంబులా పేలదని మీకు తెలుసు. ఆ ఇంధనంలో యురేనియం 235 ఐదు శాతం లోపే. అసలు చిక్కంతా రియాక్టర్ ఆపేశాకే. గొలుసు చర్య సెకన్లలో ఆగిపోతుంది, కానీ విచ్ఛిత్తిలో పుట్టిన మూలకాలు క్షీణిస్తూ వేడి ఇస్తూనే ఉంటాయి. ఆపిన క్షణాన పూర్తి వేడిలో ఆరేడు శాతం, ఒక రోజయ్యాక సుమారు అర శాతం. ఏపీ1000 ఉష్ణశక్తి 3,400 మెగావాట్లు. అందులో అర శాతమంటే 17 మెగావాట్లు. రోజు గడిచాక కూడా అంత వేడిని తీసేస్తూనే ఉండాలి. ఫుకుషిమాలో భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు సక్రమంగానే ఆగాయి. తర్వాత సునామీ నీళ్లకి డీజిల్ జనరేటర్లు మునిగాయి, చల్లబరిచే దారి పోయింది. అక్కడ మొదలైంది కథ.

కాబట్టి మీ తుఫాను ప్రశ్న సరైన ప్రశ్న. బయటి గ్రిడ్ పోయినప్పుడు లోపల ఏం జరుగుతుందన్నదే భద్రతలో సగం. మన దగ్గరే ఉదాహరణ ఉంది. 1993 మార్చి 31 తెల్లవారుజామున నరోరాలో టర్బైన్ బ్లేడ్లు విరిగాయి. హైడ్రోజన్ అంటుకుని కేబుళ్లు కాలి కేంద్రమంతా 17 గంటలు కరెంటు లేకుండా ఉండిపోయింది. ఆపరేటర్లు టార్చిలైట్లు పట్టుకుని రియాక్టర్ భవనం పైకెక్కి, చేత్తో వాల్వులు తిప్పి, గొలుసు చర్యని ఆపే బోరాన్ ద్రావణం వదిలారు. ఫైర్ పంపులు డీజిల్‌వి కాబట్టి పనిచేశాయి, వాటితోనే స్టీమ్ జనరేటర్లకి నీళ్లు తోడారు. రేడియేషన్ బయటికి రాలేదు. మా ట్రైనింగ్‌లో ఆ రాత్రి ఎన్నింటికి ఏ వాల్వు, ఏ మెట్ల దారి అని వరసగా అప్పజెప్పించుకునేవారు. 2004 సునామీలో కల్పాక్కంలో పంప్‌హౌస్‌లోకి సముద్రం వచ్చింది, నడుస్తున్న యూనిట్‌ని భద్రంగా ఆపారు. ఈ రెండూ చెప్పుకోదగ్గవే. కానీ నరోరాలో గట్టెక్కించింది మనుషుల ధైర్యం. డిజైన్ అంత దూరం రానివ్వకూడదు.

ఏపీ1000లో నాకు నచ్చేది అదే. పైకప్పు మీద పెద్ద నీళ్ల ట్యాంకు ఉంటుంది. కరెంటు, డీజిల్, మనిషి ఏదీ లేకపోయినా 72 గంటలపాటు నీళ్లు వాటంతటవే దిగి చల్లబరుస్తాయి. ఆ తర్వాత మాత్రం నింపాలి. హుద్‌హుద్ తర్వాత మూడు రోజులకి ఆ ట్యాంకు నింపే పంపు, దాని డీజిల్, అది వచ్చే రోడ్డు ఎలా ఉంటాయన్నది మీరు అడగాల్సిన ప్రశ్న.

రేడియేషన్ సంగతి. ఇన్నేళ్లూ ఛాతీ మీద రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుని తిరిగాను. మాకు పరిమితి ఐదేళ్లకి 100 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. బయటి జనానికి ఏడాదికి 1. డ్యూటీ దిగేటప్పుడు చేతులూ కాళ్లూ పెట్టే మానిటర్ ఒకటుంటుంది. చెప్పు అంచుకి కాస్త అంటినా గంట కొడుతుంది. చెప్పులు అక్కడే వదిలి, కడుక్కుని, మళ్లీ దాని మీద నిలబడాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా అంతే. మామూలుగా నడిచే కేంద్రం పక్కన ఉంటే జబ్బులొస్తాయన్న భయం నాకు లేదు. మా పిల్లలు టౌన్‌షిప్‌లోనే పెరిగారు.

నా అసంతృప్తి వేరే ఉంది. మన సొంత 700 మెగావాట్ల భారజల రియాక్టర్లు కాక్రాపార్‌లో రెండూ నడుస్తున్నాయి, రాజస్థాన్‌లో ఒకటి 2025లో కలిసింది. వాటి ఇంధన కట్టలు హైదరాబాద్‌లో అణు ఇంధన సముదాయం (ఎన్‌ఎఫ్‌సీ)లో తయారవుతాయి, భారజలం మణుగూరులో తయారవుతుంది. మన చేతిలో ఉన్న విద్య. మన అణు కార్యక్రమానికి ఆద్యుడు హోమీ భాభా గారు వేసిన మూడు దశల దారి కూడా ఇదే: సహజ యురేనియం, తర్వాత ప్లుటోనియం, చివరికి థోరియం. ఆ థోరియం ఉన్న మోనజైట్ ఖనిజం మీ శ్రీకాకుళం, భీమిలి ఇసకలోనే ఉంది. ఇవన్నీ పెట్టుకుని కొవ్వాడకి విదేశీ రియాక్టరే ఎందుకన్నది నాకు కొరుకుడు పడదు. పెద్ద సైజు, త్వరగా మెగావాట్లు అంటారు. త్వరగా అన్నది ఎంత నిజమో కట్టినచోట చూస్తే తెలుస్తుంది.

---

అట్లాంటా_కాపురం:

భారజలం గారు ఆపినచోట నేను అందుకుంటా. నేనుండేది జార్జియా రాష్ట్రంలో. ఏపీ1000 అమెరికాలో నడుస్తున్నది ఒక్కచోటే, మా రాష్ట్రంలో వోగల్ కేంద్రం, అందులో మూడో, నాలుగో యూనిట్లు (రియాక్టర్లు). కొవ్వాడకి చెప్తున్నది అదే డిజైన్.

మొదట్లో రెండింటికీ 1,400 కోట్ల డాలర్లన్నారు, 2016, 2017ల్లో అయిపోతుందన్నారు. మూడో యూనిట్ 2023 జులైలో, నాలుగోది 2024 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది. మధ్యలో 2017 మార్చిలో వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. పక్కనే సౌత్ కరోలినాలో ఇవే రియాక్టర్లు రెండు సగం కట్టి, 900 కోట్ల డాలర్లు పోసి, 2017లో వదిలేశారు.

మా కరెంటు బిల్లులో 2011 నుంచి "అణు నిర్మాణ ఖర్చు వసూలు" అని ఒక పద్దు ఉండేది. నేను ఇక్కడ ఇల్లు కొన్నప్పటి నుంచి నెలనెలా కట్టాను. కరెంటు రాకముందే, పుట్టని కరెంటుకి. యూనిట్లు మొదలయ్యాక రేటు మళ్లీ పెరిగింది. ఆగస్టులో రోజంతా ఏసీ వేసుకునే ఇల్లు మాది, పెరుగుదల బాగా తెలిసింది.

ఇంకో వైపూ చెప్పాలి. చైనావాళ్లు సాన్‌మెన్, హైయాంగ్‌లలో ఇదే రకం నాలుగు కట్టి 2018, 2019ల్లోనే నడిపేశారు. వాళ్లకీ ఆలస్యమైంది గానీ ఇంత కాలేదు. వోగల్ కూడా ఇప్పుడు బ్రహ్మాండంగా నడుస్తోంది, రాత్రీ పగలూ పొగ లేని కరెంటు. ఇంకో అరవై ఏళ్లు నడిస్తే మా మనవలు మమ్మల్ని మెచ్చుకోవచ్చు. కానీ డబ్బు మాత్రం మా తరం కట్టింది.

మాస్టారూ, యూనిట్ రేటు ఎంత అని అడగండి. మన దగ్గర సౌర విద్యుత్ వేలాల్లో యూనిట్ రెండున్నర రూపాయల చుట్టూ పడుతోంది. బ్యాటరీ కలిపితే పెరుగుతుంది, నిజమే. ఆ రెండూ కలిపిన రేటుతో కొవ్వాడ రేటుని పక్కపక్కన పెట్టి చూపించమనండి. ఎవరూ చూపించడంలేదు.

---

గంగమ్మ_బిడ్డ:

మాస్టారూ, మీ తోట కొనేవాడు రాలేదన్నారు. మా పేటలో ఇల్లు కట్టుకునేవాడే లేడు. ఊరు లేపేస్తారు, ఎందుకు కట్టుకోవడం అని గోడకి పగులొచ్చినా సిమెంటు పుయ్యరు. మా అమ్మ వంటింటి కప్పు మీద టార్పాలిన్ మార్చుకుంటూ ఉంటాది, స్లాబు మాత్రం వెయ్యనియ్యదు.

నేను విశాఖ ఫిషింగ్ హార్బర్లో ఐస్ ప్లాంటు లెక్కలు చూస్తాను. మా చిన్నాన్న ఇప్పటికీ ఏటకెళ్తాడు. ఒకప్పుడు ఒడ్డు నుంచే అలివి వల లాగితే కవ్వళ్లు, నెత్తళ్లు, కానాగంతలు బుట్టలకి బుట్టలు. ఫ్యాక్టరీల నీళ్లు కలిసినప్పటి నుంచి ఒడ్డున చేప లేదంటాడు. ఇంజిన్ బోటుకి ఆయిల్ పోసుకుని దూరం పోవాలి. కుర్రాళ్లు గుజరాత్ వెళ్లిపోతన్నారు, వెరావల్ బోట్ల మీదికి. 2018లో పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయింది మన జిల్లా వాళ్లనే కదా, 2020 జనవరిలో గాని ఇళ్లకి రాలేదు. సొంతూరి సముద్రంలో చేపుంటే అంత దూరం ఎందుకెళ్తారు?

అణు కేంద్రం సముద్రం నీళ్లు తోడి, వేడెక్కిన నీళ్లు మళ్లీ సముద్రంలో వదుల్తాది. ఏడు డిగ్రీల కంటే ఎక్కువ వేడెక్కకూడదని రూలుందంట. ఏడు డిగ్రీలు చిన్నదా? నెత్తళ్ల గుంపు ఆ నీళ్ల దగ్గరికొస్తాదా? ఎవరు చూస్తారు, ఏ నెలలో చూస్తారు, వేట నిషేధం రోజుల్లో చూసి బాగుందని రాసేస్తారా? ఇది కాక కేంద్రం ముందు సముద్రంలోకి బోట్లు రానివ్వరు.

పరిహారం మాట. పొలం ఉన్నవాడికి ఎకరానికింత. ఇల్లున్నవాడికి ఇల్లు. మాకు సముద్రమే పొలం, దానికి పట్టా లేదు. పునరావాస కాలనీ లోపలికి కడితే బోటు ఎక్కడ పెట్టుకోవాలి? రాత్రి రెండింటికి లేచి ఒడ్డుకొచ్చి, గాలి చూసి, ఎళ్లాలా వద్దా అని తేల్చుకునేవాళ్లం. కాలనీలో పడుకుంటే గాలి ఎట్ట తెలుస్తాది?

దేశానికి కరెంటు వద్దని మేం అనలేదు. సోంపేట బీలలో, కాకరాపల్లిలో థర్మల్ వద్దన్నోళ్ల మీద పోలీసులు తుపాకులు కాల్చారు, మనుషులు పోయారు. అందుకే మావాళ్లు సభల్లో గట్టిగా మాట్లాడరు. మాట్లాడట్లేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అని రాసుకుంటారేమోనని నా బెంగ.

---

పులివెందుల_దారి:

రియాక్టర్ గురించే మాట్లాడుతున్నారు, మన సొంత రియాక్టర్లకి ఇంధనం ఎక్కణ్నుంచి వస్తుందో కూడా చూడండి. మా కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. వ్యర్థాల చెరువు కట్టాక బోరు నీళ్లు మారిపోయాయని, అరటితోటలు ఎండిపోతున్నాయని కె.కె.కొట్టాల, కనంపల్లె రైతులు ఫిర్యాదు చేశారు. కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిచ్చింది, నిపుణుల కమిటీలు వచ్చిపోయాయి. రైతుది ఒక నీళ్ల రిపోర్టు, కర్మాగారానిది ఇంకో రిపోర్టు. ఈ రెండూ ఎప్పుడూ కలవవు.

నల్లమలలో తవ్వుతామన్నప్పుడు తెలంగాణ అసెంబ్లీ 2019 సెప్టెంబరులో వద్దని తీర్మానం చేసింది. అక్కడ ఊరంతా, సినిమావాళ్లూ, పార్టీలూ ఒక్కటయ్యారు. మా దగ్గర అంత గొంతు లేకపోయింది.

మాస్టారికి నా సలహా ఒక్కటే. పని మొదలుకాకముందే మీ బావి నీళ్లు, బోరు నీళ్లు పరీక్ష చేయించి కాగితాలు దాచుకోండి. "ముందునుంచీ ఇంతే" అంటారు తర్వాత.

---

లావేరు_మాస్టారు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రాత్రి కూర్చుని అన్నీ రెండుసార్లు చదివాను, నాన్నకి కూడా చదివి వినిపించాను.

భారజలం గారూ, మీరు చెప్పిన 72 గంటలు మా వీధిలో ఎవరికీ తెలీదు. ఇదొక్కటి సరిగ్గా చెప్పినా సగం భయం పోతుంది, మిగతా సగం సరైన చోటికి వెళ్తుంది. ఆ ట్యాంకు నింపే ఏర్పాటు తుఫాను లెక్కతో చేశారా లేదా అన్నది నా మొదటి ప్రశ్న. జాతీయ రహదారికి చేరే మా పంచాయతీ రోడ్లు ఎంత వెడల్పో నేను కొలిచి తీసుకెళ్తాను. ఫుకుషిమాలో లక్షన్నరకి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. ఆ తరలింపు ఒత్తిడికే, వైద్యం అందకే, ఆ ఒక్క ప్రిఫెక్చర్‌లో రెండు వేలమందికి పైగా పోయారు, ఎక్కువమంది ముసలివాళ్లు. రేడియేషన్ కంటే తరలింపే ఎక్కువమందిని తీసుకుపోయింది. మా నాన్నకి ఆపరేషన్ అయ్యాక మెట్లెక్కడమే కష్టం. ఈ వాక్యం రాస్తుంటే నాకు చెయ్యి ఆగింది.

అట్లాంటా అన్నా, డబ్బు విషయంలో ఇంకోటి కలపాలి. 2010 నాటి పౌర అణు బాధ్యత చట్టంలో పరికరం లోపం వల్ల ప్రమాదం జరిగితే నడిపే సంస్థ సరఫరాదారు మీద తిరిగి దావా వెయ్యొచ్చని ఒక సెక్షన్ ఉండేది, 17లో. భోపాల్ అనుభవంతో పెట్టుకున్నది. నడిపే సంస్థ బాధ్యత 1,500 కోట్లకి పరిమితం చేసినా ఆ సెక్షన్ ఒక అండగా ఉండేది. విదేశీ కంపెనీలు ఇన్నాళ్లూ వెనకాడింది దానికే. 2025 డిసెంబరులో పార్లమెంటు శాంతి (SHANTI) అనే కొత్త అణు చట్టం చేసింది. పాత చట్టాలు రద్దయ్యాయి, ప్రైవేటు కంపెనీలకి దారి తెరుచుకుంది, పరికర లోపానికి చట్టం ఇచ్చిన ఆ హక్కు పోయింది. ఒప్పందంలో రాసుకుంటేనే ఇక ఉంటుంది. ఫుకుషిమా పరిహారం 10 లక్షల కోట్ల యెన్లు దాటింది, మన డబ్బులో ఐదు లక్షల కోట్ల పైమాటే. డిజైన్ అంత భద్రమని కంపెనీకి నమ్మకం ఉంటే ఆ బాధ్యత ఒప్పందంలో రాసుకోడానికి అభ్యంతరం ఏముంటుంది? దీన్ని నేను పక్కకి పెట్టను.

గంగమ్మ బిడ్డా, నీ మాట నన్ను నిద్రపోనివ్వలేదు తమ్ముడూ. మీ చిన్నాన్న చెప్పింది రాసిపెట్టు. ఏ నెలలో ఏ చేప, ఒడ్డుకి ఎంత దూరంలో, ఏ వలకి. పది మంది పెద్దవాళ్లని కూర్చోబెట్టి రాస్తే చాలు. మా బడిలో మీ పేట పిల్లలున్నారు, వాళ్లతో రాయిస్తాను. వాడిన ఇంధనం, సముద్రం ఉష్ణోగ్రత, ఇవన్నీ అణు కేంద్రమే కొలిచి అణు కేంద్రమే చెప్పే పద్ధతి నాకు సమ్మతం కాదు. ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగం స్వామి జ్ఞానానంద గారి కాలం నుంచీ ఉంది. కొలతలు వాళ్ల చేతికి కూడా ఇవ్వాలి, ఫలితాలు నెలనెలా పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించాలి.

పులివెందుల అన్నా, రేపే నీళ్ల శాంపిల్ తీస్తున్నాను. మా నుయ్యి, పక్క రెండు బోర్లు, బడి బోరు.

నా నిర్ణయం అడిగితే, దేశానికి అణు విద్యుత్తు కావాలనే అంటాను, ఇంకా గట్టిగా. కానీ తుఫాను ప్రణాళిక, సరఫరాదారు బాధ్యత, మత్స్యకారుల హక్కు ఈ మూడూ కాగితం మీద రాసి సంతకం పెట్టేదాకా కొవ్వాడలో ఈ ఆరింటికీ నేను చెయ్యి ఎత్తను. మా బావకి కూడా ఇదే చెప్పాను. ఉద్యోగాల్లో స్థానికుల వాటా కూడా అందులో కలపమన్నాడు, కలిపాను.

సభ తేదీ తెలియగానే ఇక్కడ రాస్తాను. భారజలం గారూ, వీలైతే మీరు రండి, మా ఇంట్లోనే ఉండొచ్చు. మీలాంటివాళ్లు మైకు పట్టుకుని తెలుగులో చెప్తే జనం వింటారు. అట్లాంటా అన్నా, ఆ పద్దు ఉన్న పాత బిల్లు ఒకటి దొరికితే పేరూ అడ్రసూ చెరిపి ఫొటో పెట్టండి, ప్రింటు తీసి సభలో చూపిస్తాను.